బండి ముందటి నిమ్మకాయ

నలభై దాటాక స్కూటర్ నేర్చుకుంటానంటే ఇంట్లో అందరూ నవ్వారు. నవ్వితే నవ్వారు పొండి అని నేర్చుకున్నాను. మొదటిరోజు ఆఫీసుకు బయల్దేరుతుంటే అమ్మ లిఫ్టు దిగి పార్కింగులోకి వచ్చింది. మోకాళ్ళ నొప్పులతో పూజగదిలోకి వెళ్ళడానికే మూలిగే మనిషి! చేతిలో నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు, బొగ్గుముక్క, పసుపు పూసిన తెల్లదారం ఉన్నాయి. వంగి బండి ముందు కట్టబోయింది.

పక్కనే నీళ్ళు కొడుతున్న వాచ్‌మన్ చూసి, "దారం ఆగదమ్మా, రెండు దినాలకు తెగుతది. ఇగో, బైండింగ్ వైరు ఉంది, తీస్కో" అని మూలన ఉన్న వైరు ముక్క తెచ్చి చేతికివ్వబోయాడు.

అమ్మ చెయ్యి గబుక్కున వెనక్కి తీసుకుంది. "వద్దు బిడ్డా, వైరు వద్దు. తెగుతె తెగనియ్. మల్ల కడ్త."

నేను హెల్మెట్ చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. ఆ వైరు సంగతి నాకూ మా మేనమామకూ తప్ప ఈ లోకంలో మూడో మనిషికి తెలియదని ఇన్నేళ్ళూ అనుకున్నాను. మామ మొన్న ఎండాకాలంలో పోయాడు. ఇక నాకొక్కదానికే తెలుసనుకున్నాను.

ఆ రోజు ఉప్పల్ చౌరస్తాలో మెట్రో స్తంభాల కింద ట్రాఫిక్‌లో నిలబడి ఉన్నా నా మనసు అక్కడ లేదు. అది ఎప్పటిదో పీర్జాదిగూడకు పోయింది.

అప్పటి పీర్జాదిగూడలో ఇన్ని అపార్టుమెంట్లు లేవు. ప్లాట్లకు పాతిన రాళ్ళు, సగం లేచి ఆగిన గోడలు, ఇసుక కుప్పలు, ఆ ఇసుకలో సలాకలు కట్టే తుప్పుపట్టిన ఇనుప బైండింగ్ వైరు ముక్కలు. ఎటు చూసినా తడి సిమెంటు వాసన. గాలి నాచారం వైపు నుంచి వీస్తే పొద్దున బిస్కెట్లు కాలుతున్న వాసన వచ్చేది, సాయంత్రం ముక్కు మూసుకునేంత మందుల కంపెనీ కంపు వచ్చేది. నేను బిస్కెట్ల వాసన పీల్చుకుంటూ చాయ్‌లో నిన్నటి జొన్నరొట్టె ముంచుకు తినేదాన్ని. అట్లా తింటే రొట్టె బిస్కెట్ అవుతుందని నాకు నేనే చెప్పుకునేదాన్ని.

మావి రెండు రేకుల గదులు. నాయిన, అమ్మ, నాయినమ్మ, నేను. జనగామ అవతల ఊళ్ళో ఎవుసం ఎండిపోతే వచ్చిపడ్డాం. నాయిన నాచారంలో ఒక కంపెనీలో కాంట్రాక్టు మీద పనిచేసేవాడు. గేటు పడ్డాక పోతే ఆ రోజు పని లేదు. నాలుగుసార్లు అట్లా జరిగితే అసలు పనే లేదు. బస్సును నమ్ముకోలేక ఒక పాత చిన్న మోటార్ సైకిల్ కొన్నాడు. ఎర్ర ట్యాంకు. సీటు చిరిగి లోపలి స్పాంజి కనిపించేది. అయినా మా గల్లీలో బండి అంటే అప్పటికి అదొక్కటే. నేను ట్యాంకు మీద కూర్చుని తిరగని సందు లేదు.

అమ్మకు మాత్రం అది ఇంటికి వచ్చిన రోజు నుంచీ భయమే. మా గల్లీ నేరుగా వరంగల్ రోడ్డు మీద తేలుతుంది. ఉప్పల్ వైపు పోవాలంటే కొంచెం ముందుకుపోయి, డివైడర్‌లో ఉన్న సందు దగ్గర బండిని పూర్తిగా కుడికి తిప్పి మళ్ళాలి. అటు నుంచి ఘట్‌కేసర్ లారీలు వచ్చేవి, ఇసుకవీ కంకరవీ. వాటికి బ్రేకులు అనేవి ఉన్నాయని ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. నాయిన పొద్దున డ్యూటీకి పోతుంటే అమ్మ గల్లీ మొగదాకా వెంట వచ్చేది. ఆయన మళ్ళి ఉప్పల్ వైపు కనపడకుండా పోయాకే ఇంట్లోకి వచ్చేది. పొయ్యి మీద అన్నం మాడినా సరే.

అందుకే నిమ్మకాయ. శనివారం శనివారం కొత్తది కట్టేది. మొదట దారంతోనే కట్టింది. ఒక శనివారం ఆ దారం తెగి, నిమ్మకాయ సరిగ్గా నాయినమ్మ కాళ్ళ ముందు పడింది. ఇంకేముంది! మా నాయినమ్మ నోరు మామూలు నోరు కాదు.

"మొగని బండికి నిమ్మకాయ గట్టుడు గూడ రాదానే నీకు? దారం ఊకెనే తెగుతదా? నా కొడుకు నెత్తి మీదికి ఏం తెస్తవో ఏమో!"

అమ్మ ఆ మాటకు రాత్రంతా ముక్కు ఎగబీల్చింది. పొద్దున్నే పక్కింటి కట్టడం దగ్గర ఇసుకలోంచి బైండింగ్ వైరు తెచ్చింది. నిమ్మకాయను, మిరపకాయలను దానికే గుచ్చి, హెడ్‌లైట్ కింద ఉండే ఇనుప కడ్డీకీ, దాన్ని ఆనుకుని పోయే వైర్ల కట్టకూ కలిపి రెండు చుట్లు చుట్టి మెలేసింది. లాగి చూసింది. కదల్లేదు. అప్పటి నుంచి ప్రతి శనివారం పాతది విప్పి మూడు బాటల దగ్గర పారేసి, కొత్త వైరుతో అదే చోట కొత్తది కట్టేది.

ఆ తరువాత కొన్నాళ్ళకు బండి ఆగడం మొదలైంది.

ఆగడం అంటే చెడిపోవడం కాదు. నడుస్తూ నడుస్తూ ఇంజన్ ఠక్కున ఆగేది. లైటు వెలుగుతూనే ఉండేది, హారన్ మోగుతూనే ఉండేది. నాయిన దిగి, తిట్టి, పక్కకు తోసుకుపోయి కిక్కు కొడితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయ్యేది. వారమంతా బాగుండి శుక్రవారం ఆగేది. ఒక్కోసారి పొద్దున ఆగి సాయంత్రం దాకా బుద్ధిగా తిరిగేది.

బండిని చూసేది మా మామ, అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. నాచారం రోడ్డు మీద రేకుల షెడ్డులో మెకానిక్. ఆ షెడ్డంటే నాకు ప్రాణం. పెట్రోలు, గ్రీజు, అగరొత్తులు, పక్క బండి మీద వేగే మిర్చీబజ్జీ, అన్నీ కలిసిన వాసన. సెలవైతే నాయిన బండి మీద అక్కడ దిగిపోయేదాన్ని. మామ నూనె చేతులతోనే బజ్జీ పొట్లం విప్పి, "తిను బిడ్డా, గ్రీజు తింటె కీళ్ళు మంచిగుంటయ్" అనేవాడు. నేను కస్టమర్లు వదిలిపోయిన బండ్ల హారన్లన్నీ వరసగా కొట్టి, మామ పానా పట్టుకుని వెంటపడితే బజ్జీల బండి వెనక దాక్కునేదాన్ని.

మామకు ఒక పద్ధతి ఉండేది. ఏ బండి మీద చెయ్యి వేసినా ముందు దాని నిమ్మకాయ విప్పి, షెడ్డులో దేవుని ఫోటో పక్కన ఉన్న మేకుకు తగిలించేవాడు. దిష్టికి కట్టినదానికి గ్రీజు చెయ్యి తగలొద్దు, నేల మీద పెట్టొద్దు, పోగొట్టొద్దు. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కుని దాన్ని మళ్ళీ ఉన్నచోటే కట్టి ఇచ్చేవాడు. కస్టమర్లకు అందుకే ఆయనంటే నమ్మకం. మా బండి వస్తే మరీను, అక్క కట్టిన నిమ్మకాయ కదా!

నిమ్మకాయ మేకుకు ఎక్కేది, బండి బాగైపోయేది. మామ స్టార్ట్ చేసి నన్ను ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని షెడ్డు ముందు గుండ్రంగా తిప్పేవాడు. వైర్లు ఒక్కొక్కటి వేలితో కదిలించేవాడు. మగ్గుతో నీళ్ళు పోసి చూసేవాడు. ఇంజన్ హాయిగా కొట్టుకునేది.

"జరం తగ్గినంక దవాఖానకు తెస్తే డాక్టర్ ఏం జూస్తడు బావా?" అనేవాడు నాయినతో.

"నువ్వు డాక్టరువారా? కాంపౌండర్వు గూడ గాదు" అనేవాడు నాయిన. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. మొదట్లో.

ప్లగ్గు మార్చాడు. కాయిలు మార్చాడు. తాళం స్విచ్చి విప్పి తుడిచాడు. హెడ్‌లైట్ డూము తెరిచి లోపల జాయింట్లన్నీ కొత్తగా వేశాడు. బండి ఎప్పుడెప్పుడు ఆగుతుందని అడిగితే నాయిన, "మలుపుల కాడ ఎక్కువరా. గేట్ల కాడ, మా సందు కాడ" అన్నాడు. మామ ఆలోచించాడు. మలుపు దగ్గర ఎవరైనా బండి నెమ్మది చేస్తారు, నెమ్మది చేసినప్పుడు ఇంజన్‌కు దమ్ము చాలడం లేదు, అంతే అనుకున్నాడు. యాక్సిలరేటర్ వదిలినా ఇంజన్ ఆగకుండా తిరిగేలా స్క్రూ బిగించి పంపాడు. అదీ సరైన ఆలోచనే. అతని జాగాలో ఇంకెవరున్నా అదే చేసేవారు.

ఆ వారం నేనొక పని చేశాను. ఒకరోజు సాయంత్రం గల్లీలో క్రికెట్ ఆడుతుంటే బంతి మోరీ మురుగులో పడింది. నేను పోయి బండి నిమ్మకాయను వైరుతో సహా పీకి తెచ్చాను. అది పాతబడి గట్టిపడి మంచి బంతి అయింది. నాయినమ్మ చూసి చీపురుతో కొట్టింది, ఉప్పు తిప్పి పొయ్యిలో వేసింది. శనివారం దాకా బండికి నిమ్మకాయ లేదు. అన్ని రోజులూ బండి ఒక్కసారి కూడా ఆగలేదు. నాయిన సంతోషంగా బజ్జీలు తెచ్చాడు. "బామ్మర్దికి చెయ్యి తిరిగింది" అని మెచ్చుకున్నాడు. శనివారం అమ్మ కొత్త నిమ్మకాయ కట్టింది. సోమవారం బండి సందు దగ్గర ఆగింది, లారీ హారన్ కొట్టుకుంటూ పక్క నుంచి పోయింది.

ఆ రోజు అమ్మ నాయిన చొక్కా పట్టుకుంది. "నీ కాళ్ళు మొక్కుత, బస్సుల పో."

"బస్సుల పోతె గేటు పడుతది. మల్ల నువ్వు పెడ్తవా పనిల?" అని నాయిన కసిరాడు. తర్వాత మెత్తబడి, "ఇయ్యాల పొయ్యి గట్టిగ జెప్త. రేపటికి నయమైతది" అన్నాడు.

సాయంత్రం బండి మామ దగ్గరికి పోయింది. నేనూ పోయాను. మామ నవ్వలేదు, బజ్జీలు తేలేదు. చీకటి పడేదాకా విప్పిందే విప్పి, బిగించిందే బిగించాడు. ఏమీ దొరకలేదు. ఆఖరుకు చేతులు కడుక్కుని మేకు మీది నిమ్మకాయ తీసుకుని కట్టాడు. ఎప్పుడూ చేత్తో మెలేసేవాడు, ఆ రోజు ప్లయర్‌తో బిగించాడు. "అక్క నమ్మకం జారిపోవద్దు" అన్నాడు.

మర్నాడు పొద్దున గల్లీ మొగలో అమ్మ నిలబడింది. బడికి పోవడానికి నేనూ పక్కనే ఉన్నాను. నాయిన సందు దగ్గర అటూ ఇటూ చూసి, హ్యాండిల్ పూర్తిగా కుడికి తిప్పాడు. చప్పుడు ఆగిపోయింది. అంత రోడ్డు రొదలో కూడా అమ్మకు అది వినపడింది. "ఆగింది" అన్నది, నా చెయ్యి పట్టుకుని. నాయిన ఒకసారి కిక్కు కొట్టాడు. ఇంకోసారి కొట్టడానికి కాలు ఎత్తాడు.

లారీవాడు బ్రేకు వేశాడు. వెయ్యలేదని అబద్ధం చెప్పలేను. కానీ కంకర లోడు ఆగాలి కదా. వెనక టైరు నాయిన కాలు మీద ఆగింది. టిఫిన్ డబ్బా దొర్లుకుంటూ మా వైపు వచ్చింది, రోడ్డంతా పచ్చిపులుసు వాసన. అమ్మ అరుపు నాకు గుర్తు లేదు. బండి పడి ఉన్నది గుర్తుంది. లైటు పగిలింది, హ్యాండిల్ వంగింది. నిమ్మకాయకు ఏమీ కాలేదు.

సర్కారు దవాఖానలో నాయిన కాలు మోకాలి పై దాకా తీసేశారు.

అమ్మా నాయినమ్మా దవాఖానలో ఉంటే నేను మామ ఇంట్లో ఉన్నాను. పోలీస్ స్టేషన్ నుంచి బండి విడిపించి ట్రాలీ ఆటోలో షెడ్డుకు తెచ్చారు. మామ ఆ పూట షెడ్డు తలుపు దించి, బండి ముందు కూర్చున్నాడు. వంగిన హ్యాండిల్ సరిచేశాడు. ఎండి నల్లబడిన నిమ్మకాయ ఇంకా దానికే ఉంది. దాన్ని విప్పి మేకుకు తగిలించాలన్న ధ్యాస ఆ రోజు మామకు లేదు.

కిక్కు కొడితే ఇంజన్ స్టార్ట్ అయింది. మామ హ్యాండిల్ ఎడమకు తిప్పాడు, ఏమీ కాలేదు. కుడికి పూర్తిగా తిప్పాడు. ఠక్కున ఆగింది. నేరుగా పెట్టి కిక్కు కొట్టాడు, స్టార్ట్ అయింది. కుడికి తిప్పాడు, ఆగింది.

"దొరికింది!" అని అరిచాడు మామ. మొహం వెలిగిపోయింది. పాపం, అన్ని నెలలు వెతికిన మనిషి కదా. "దొరికింది బిడ్డా, దొరికింది, లైటు వట్టు!"

నేను టార్చి పట్టాను. మామ వంగి హెడ్‌లైట్ కింద వైర్ల కట్టను వేళ్ళతో తడుముకుంటూ పోయి ఒకచోట ఆగాడు. బైండింగ్ వైరు కట్టలోకి కోసుకుపోయి ఉంది. లోపల ఒక వైరుకు పై తొడుగు తెగి రాగి కనపడుతోంది, చుట్టూ నల్లగా మాడింది. బండి తాళం తిప్పితే ఇంజన్‌ను ఆపే వైరు అది. ఇనుముకు తగిలితే చాలు, తాళం తిప్పినట్టే ఇంజన్ ఆగిపోతుంది. హ్యాండిల్ కుడికి తిరిగినప్పుడల్లా కట్ట బిగుసుకుని ఆ రాగి బైండింగ్ వైరుకు, దాని ద్వారా కడ్డీకి తగులుతోంది. నిమ్మకాయ మేకు మీద ఉన్నంతసేపూ తగలడానికి అక్కడ ఏమీ లేదు.

 మామ మొహంలో వెలుగు ఎప్పుడు పోయిందో నేను చూడలేదు. తర్వాత కటింగ్ ప్లయర్ తీసుకుని వైరు కత్తిరించి జేబులో వేసుకున్నాడు. తెగినచోట నల్లటేపు చుట్టాడు. నిమ్మకాయ చేతిలో పట్టుకుని ఏడ్చాడు. మగవాళ్ళు అట్లా ఏడుస్తారని నాకు అప్పటిదాకా తెలియదు.

"మీ అమ్మకు జెప్పకు బిడ్డా. ఎవ్వరికీ జెప్పకు. మీ నాయినమ్మకు తెలిస్తే మీ అమ్మను బతకనిస్తదా? బావ కాలు ఎట్లయిన పాయె. ఇగ అక్క కాపురం గూడ పోవాల్నా?" అన్నాడు. కాసేపటికి తనలో తనే, "అక్క చేత్తోని కట్టింది. నేను ప్లయర్‌తోని బిగించిన" అన్నాడు.

నాయిన ఇంటికి వచ్చిన రోజు మామ బండి తెచ్చి వాకిట్లో పెట్టాడు. నాయినమ్మ దుమ్మెత్తి పోసింది.

"నీ చేతులు పడిపోను! ఎన్నిసార్లు తెచ్చిండ్రా నీ తానికి నా కొడుకు! ఒక్క బండి బాగుజెయ్యరాదు, నువ్వొక మేస్త్రివి!"

మామ తల దించుకుని, "నా తప్పే అత్తా. కాయిలు ఖరాబుండె, నేను సూడలే" అన్నాడు. అమ్మ గుమ్మంలో నిలబడి బండి వైపు చూసింది, మామ వైపు చూసింది. లోపలికి వెళ్ళి తలుపు మూసుకుంది.

అంతే. ఆ తర్వాత అమ్మ తమ్ముడితో మాట్లాడలేదు. ఆయన వస్తే వంటగదిలోకి పోయేది. రాఖీ పున్నానికి మామ కొత్త చొక్కా వేసుకుని చీకటి పడేదాకా షెడ్డులో కూర్చునేవాడు, అమ్మ వస్తుందేమోనని. అమ్మ ఎన్నడూ పోలేదు. మొగని కాలు పోతే ఆ మాత్రం కోపం ఉండదా అని లోకం అనుకుంది. నేనూ అదే అనుకున్నాను. ఎన్నిసార్లు నిజం నాలుక చివరి దాకా వచ్చిందో! మామ మొహం గుర్తొచ్చి మింగేసేదాన్ని.

సొంత బావ కాలు పోగొట్టిన మెకానిక్ దగ్గరికి బండి ఎవరు తెస్తారు? షెడ్డు మూతపడింది. మామ చర్లపల్లి వైపు ఏదో వర్క్‌షాపులో జీతానికి చేరాడు. మా బండిని మేడిపల్లిలో ఎవరో కొనుక్కుపోయారు. చాన్నాళ్ళకు ఆ కొన్నాయన కనపడి, "మస్తు బండమ్మా, ఒక్కనాడు సతాయించలే" అన్నాడు. 

నాయిన నాచారంలో ఒక టెలిఫోన్ బూత్ పెట్టుకుని కూర్చున్నాడు. కర్ర గోడకు ఆనించి, పసుపు బోర్డు కింద. మామ వచ్చి ఎవరికో ఫోన్ చేసినట్టు నటించి, బావతో రెండు మాటలు మాట్లాడి పోయేవాడు. నాయిన ఆయన్ను ఒక్కమాట అనలేదు. అసలు సంగతి నాయినకూ తెలుసేమో అని నాకు ఇప్పుడు అనిపిస్తుంది. సెల్‌ఫోన్లు వచ్చి బూత్‌లు పోయాయి. బందులూ రాస్తారోకోలూ అయ్యి తెలంగాణ వచ్చింది. నాయినమ్మ పోయింది, నాయిన పోయాడు. నాయిన దినాలకు కూడా అమ్మ ఒక గోడకు, మామ ఇంకో గోడకు ఆనుకుని కూర్చున్నారు. ఇక మొన్న మామ.

ఆ సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి అమ్మ పార్కింగులోనే మెట్ల మీద కూర్చుని ఉంది. నేను క్షేమంగా మళ్ళి వచ్చేదాకా చూస్తూ కూర్చుందన్నమాట, వెనకటిలాగే. దారం తెగలేదు. నేను పక్కన కూర్చున్నాను.

"అమ్మా, వైరు ఎందుకొద్దన్నవ్?"

అమ్మ బండి ముందు వేలాడుతున్న నిమ్మకాయ వైపు చూసింది.

"కట్టింది నేను బిడ్డా. ఏడ గట్టిన్నో నాకెరుక లేదా? వాడు బండి తెచ్చి పెట్టిన నాడు నా వైరు లేదు. సరిగ్గ గా జాగలనే నల్లటేపు సుట్టి ఉంది. వాడు కాయిలంటుండు, నేను టేపు జూస్తున్న." అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "నా తప్పు వాడు నెత్తిన వెట్టుకున్నడు. షెడ్డు పాయె, పేరు పాయె. వాని ముంగటికి ఏ మొకం వెట్టుకొని పోవాలె? నోరిప్పి జెప్తె మీ నాయినమ్మ ఎల్లగొడ్తదని భయం. ఆమె పొయినంక మీ నాయిన మొకం జూసి భయం. ఇయ్యాల రేపు అనుకుంటనే వాడే పాయె."

 అంటే ఇన్నేళ్ళు ఆ మూసిన తలుపు వెనక కోపం లేదు.

"బిడ్డా, వాడు నీతోని ఎన్నడన్న అన్నడా? నా మీద వానికి కోపముండెనా?"

"లేదమ్మా" అన్నాను. "నీకే తన మీద కోపమనుకున్నడు. పోయేదాకా గట్లనే అనుకున్నడు."

అమ్మ నా మొహంలోకి చూసింది. వాచ్‌మన్ లైట్లు వేశాడు. పైకి పోదాం లెమ్మని చెయ్యి పట్టుకుంటే, లేవలేదు.

"నువ్వు పో. నేను జరసేపు ఈన్నే కూసుంట" అన్నది.